ఇరవై రెండో తారీఖు

ఒకటో తారీఖున ప్రతి ఉద్యోగీ చక్రవర్తే. ఫోనులో 'జీతం జమ అయింది' అన్న మెసేజి కనపడగానే నడకలో ఓ తేడా వచ్చేస్తుంది. అయిదో తారీఖుకల్లా సగం రాజ్యం పోతుంది. ఇంటద్దె, బ్యాంకు వాయిదా, పాలు, పేపరు, కరెంటు బిల్లు, స్కూలు బస్సు... పదో తారీఖుకి సామంతరాజు. ఇరవై దాటిందా, ఇక సామాన్య ప్రజానీకమే! గ్యాస్ బండ సరిగ్గా ఆ రోజుల్లోనే అయిపోతుంది. మేనమామ మనవరాలి ఓణీల ఫంక్షనూ సరిగ్గా అప్పుడే వస్తుంది.

మామూలు ఇళ్ల సంగతే ఇలా ఉంటే అప్పులు తీరుస్తున్న ఇంటి గురించి చెప్పేదేముంది? చిత్రమేమిటంటే, అప్పు తీర్చడం గురించి సలహాలిచ్చేవాళ్లంతా డబ్బు గురించే చెబుతారు. ఓపిక గురించి ఎవరూ చెప్పరు. నిజానికి అప్పు కట్టే పని నెలకి ఒక్కరోజుదే. ఆ రోజున కూడా పది నిమిషాలు చాలు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ చేయాల్సింది ఒకటే... ఏమీ చేయకుండా ఉండటం. కార్డు గీకకుండా, కొత్త చేబదులు అడక్కుండా, 'ఎన్నాళ్లీ గోల' అని విసిగిపోకుండా ఉండటం. అదీ అసలు కష్టం. పైగా దాన్ని మెచ్చుకునేవాళ్లు ఉండరు. కొన్న చీర నలుగురికీ కనిపిస్తుంది. కొనకుండా ఆగిన చీర ఎవరికి కనిపిస్తుంది?

లోపం మీలో లేదు

నెలాఖరున మనిషి మనిషిలా ఉండడని మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఏనాడో కనిపెట్టారు. శాస్త్రవేత్తలు కాస్త ఆలస్యంగా తెలుసుకున్నారు. మన పక్క రాష్ట్రం తమిళనాడులో చెరకు రైతుల మీద జరిగిన ఓ అధ్యయనం 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డర్ షఫీర్, జియాయింగ్ ఝావో దాన్ని రాశారు. చెరకు రైతుకి డబ్బు చేతికి వచ్చేది కోత అయ్యాకే. అంటే కోతకి ముందు రోజులే అతనికి నెలాఖరు. తాకట్లూ అప్పులూ ఎక్కువయ్యేది అప్పుడే. అవే మనుషులకి కోతకి ముందోసారి, తర్వాతోసారి బుద్ధికి పదును పెట్టే పరీక్షలు ఇచ్చి చూశారు. కోతకి ముందు తప్పులు ఎక్కువ. డబ్బు చేతికొచ్చాక అదే రైతు ఎంతో మెరుగ్గా చేశాడు. తెలివి మారలేదు. డబ్బు గురించిన ఆలోచనే బుర్రలో చోటు ఆక్రమించేసిందన్నది పరిశోధకుల మాట.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇరవై రెండో తారీఖున తీసుకునే నిర్ణయాలను మనం నమ్మకూడదు. 'ఇంకో లోన్ తీసి అన్నీ ఒకేసారి కట్టేద్దాం', 'చీటీ పాడేద్దాం', 'అసలు ఈ నెల వాయిదా వదిలేద్దాం' లాంటి ఆలోచనలు నెల చివర్లోనే పుడతాయి. పుడితే పుట్టనివ్వండి. ఓ కాగితం మీద రాసి పక్కన పెట్టండి. రెండో తారీఖున తీసి చదవండి. అప్పటికీ మంచి ఆలోచనే అనిపిస్తే అప్పుడు చూద్దురుగాని. చాలావాటికి ఆ అవసరమే రాదు.

చివర ఎక్కడుందో తెలియాలి

ఓపిక ఎందుకు చస్తుంది? దారి పొడుగైనందుకు కాదు, ఎంత పొడుగో తెలియనందుకు. బస్సు రెండు గంటలు ఆలస్యమని ముందే చెబితే టీ తాగి కూర్చుంటాం. 'వస్తోంది, వస్తోంది' అంటూ అరగంట నిలబెడితే ఒళ్లు మండిపోతుంది. అప్పూ అంతే. కాబట్టి మొదట చేయాల్సింది ధైర్యంగా కూర్చుని లెక్క వేయడం.

మనలాంటి ఇంటినే ఒకదాన్ని ఊహించుకుందాం. చేతికొచ్చే జీతం 45,000. అప్పులు నాలుగు రకాలు. ఆఫీసులో పక్క సీటాయన దగ్గర చేబదులు 12,000. దీనికి వడ్డీ లేదు, మొహం చాటేయడం మాత్రం ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 40,000. నెలకి మూడున్నర శాతం వేసుకోండి, అంటే ఏడాదికి 42. నోటు మీద తెచ్చింది లక్ష, నూటికి రెండు రూపాయల వడ్డీ. బంగారం మీద తెచ్చింది 60,000, ఏడాదికి 12 శాతం. మొత్తం 2,12,000.

నెల తిరిగేసరికి కార్డు వడ్డీ 1,400, నోటు వడ్డీ 2,000, బంగారం వడ్డీ 600. వెరసి 4,000. అంటే ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నా సరే, రోజుకి 133 రూపాయలు నడుస్తూనే ఉంటాయి. వడ్డీలు మాత్రమే కడుతూ కూర్చుంటే 21 నెలల్లో 84,000 పోతుంది. అసలు ఒక్క రూపాయి తగ్గదు.

అదే ఇల్లు ఎలాగో గట్టిగా నిలబడి నెలకి 12,000 అప్పులకే అని కేటాయించిందనుకోండి. అన్నిటి వడ్డీలూ కట్టి, మిగిలినదంతా ముందు కార్డుకి, తర్వాత చేబదులుకి, ఆపైన నోటుకి, చివర్న బంగారానికి వేస్తూ పోతే... సరిగ్గా 21 నెలల్లో నాలుగూ తీరిపోతాయి. మొత్తం కట్టిన వడ్డీ 38,400 దాకా ఉంటుంది. కార్డు వడ్డీ మీద పడే జీఎస్టీ ఇందులో కలపలేదు. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండొచ్చు. కానీ చివర ఓ నెల పేరు రాయగలిగితే చాలు. 'ఎప్పటికి తీరుతుందో' అన్న మాటకీ, 'ఎల్లుండి ఏడాది సంక్రాంతికి తీరుతుంది' అన్న మాటకీ చాలా దూరం ఉంది.

కార్డు విషయంలో ఒక్క హెచ్చరిక. 'కనీస మొత్తం కడితే చాలు' అని బిల్లులో ఉంటుంది చూడండి, అది మన మీద జాలితో రాసింది కాదు. సాధారణంగా బాకీలో అయిదు శాతం అడుగుతారు. 40,000కి 2,000. అందులో 1,400 వడ్డీకే పోతే అసలులోంచి తగ్గేది 600. పైగా పాత బాకీ ఉండగా అదే కార్డుతో కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అందుకే బాకీ తీరేదాకా కార్డుని పర్సులో కాదు, బీరువాలో పెళ్లి పట్టుచీర మడతలో పెట్టండి.

పెద్దదా... చిన్నదా?

ఏ అప్పు ముందు తీర్చాలన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే తగువే. లెక్క ప్రకారమైతే వడ్డీ ఎక్కువున్నదాన్నే ముందు చంపాలి. కానీ మనసు అలా పనిచేయదు. 2012లో అమెరికాలో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు అప్పుల నుంచి బయటపడేందుకు ఓ కార్యక్రమంలో చేరినవాళ్ల లెక్కలు పరిశీలించారు. చిన్నదో పెద్దదో ఒక్కో ఖాతానీ పూర్తిగా మూసేస్తూ వచ్చినవాళ్లే చివరిదాకా నిలబడి మొత్తం అప్పు తీర్చే అవకాశం ఎక్కువని తేలింది. ఒక పేరు కొట్టేసిన ఆనందం రెండో పేరు దాకా నడిపిస్తుందన్నమాట.

మన ఉదాహరణలోనే చూద్దాం. కార్డుకి కనీస మొత్తం మాత్రం కడుతూ ముందు చేబదులు తీర్చేస్తే రెండు నెలల్లోనే ఓ పేరు పోతుంది. దానికి మనం చెల్లించే మూల్యం? కార్డు మీద అదనంగా పడే రెండు వేల పైచిలుకు వడ్డీ. రోజూ పక్క సీట్లోనే కనిపించే మనిషి ముందు తలెత్తుకుని కూర్చోవడానికి ఆ రెండు వేలు ఎక్కువా తక్కువా అన్నది మీరే తేల్చుకోవాలి. నన్నడిగితే, మధ్యలో వదిలేసే అలవాటున్నవాళ్లు చిన్నదానితోనే మొదలుపెట్టడం మంచిది. మధ్యలో వదిలేస్తే అయ్యే నష్టం ముందు రెండు వేలు లెక్కలోకే రావు.

నెలలో అయిదు వారాలు

ఇక ఆ ఇరవై తొమ్మిది రోజుల సంగతి. మనం నెలంటే నాలుగు వారాలనుకుంటాం. ఆ పైన ఉండే రెండు మూడు రోజులే కొంప ముంచేవి. మన ఉదాహరణ ఇంట్లో అప్పులకి 12,000, అద్దె, ఫీజుల వంటి తప్పనిసరి ఖర్చులకి 19,000 పోగా మిగిలేది 14,000. దీన్ని మొదటి రోజే విడదీయండి. వారానికి 3,200 చొప్పున నాలుగు కవర్లు. ఆఖరి రెండు మూడు రోజులకి 1,200తో చిన్న కవరు. ఆదివారం ఆదివారం ఒక కవరు విప్పాలి. ముందు వారం మిగిలింది ఉంటే చిన్న కవర్లో చేర్చాలి. ఫోనుతో చెల్లించే అలవాటున్నవాళ్లు ఇంకో బ్యాంకు ఖాతా పెట్టుకుని, వారం వారం అందులోకి అంతే పంపుకోవచ్చు. ఇలా చేస్తే జీతం రోజు నెలకి ఒక్కసారి కాదు, అయిదుసార్లు వస్తుంది. ఏ ఎడారైనా నాలుగు రోజులకి మించదు.

మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో దాచింది ఈ సూత్రంతోనే. వాళ్లకి ఇంకో సంగతి కూడా తెలుసు, చేతిలో ఏమీ లేకుండా ఉండకూడదని. అప్పులు తీర్చే ఆవేశంలో ఉన్నదంతా ఊడ్చి కట్టేస్తాం. పదిహేనో తారీఖున పిల్లాడికి జ్వరం వస్తుంది. మళ్లీ కార్డు బయటికొస్తుంది. ఒక్క దెబ్బతో మూడు నెలల పట్టుదల నీరుగారిపోతుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడే ఓ 5,000 విడిగా పెట్టుకోండి. దాని వల్ల 21 నెలలు 22 అవుతాయి. అవనివ్వండి. ఆ ఒక్క నెలే మిగతా వాటిని కాపాడుతుంది.

నెల మధ్యలో చేయదగ్గ మంచి పని కూడా ఒకటుంది. కార్డు బాకీ మీద వడ్డీ రోజువారీగా లెక్క కడతారు. కాబట్టి ఒకటో తారీఖు దాకా ఆగాల్సిన పని లేదు. పాత పేపర్లు అమ్మిన 300, ఓవర్‌టైం తాలూకు 1,000... ఏది చేతికొస్తే అది ఆ రోజే వేసేయొచ్చు. వెయ్యి తగ్గితే నెలకి 35 రూపాయల వడ్డీ ఆగిపోతుంది, తీరేదాకా ప్రతి నెలా. నోటు అప్పుకైతే అలా చిల్లరగా తీసుకోరు. కాస్త పోగుచేసి ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. ఎంత దగ్గరివాళ్లయినా సరే, ఇందులో మొహమాటం పనికిరాదు.

కనిపించని గెలుపు

అయిదారు నెలలు గడిచాక ఓ రకమైన నీరసం వస్తుంది. కొత్తలో ఉన్న ఉత్సాహం ఉండదు, చివర దగ్గర్లో కనిపించదు. అప్పుడు మొత్తం బాకీ చూడకండి, వడ్డీ చూడండి. మన లెక్కలో మొదటి నెల కట్టిన 12,000లో 4,000 వడ్డీకే పోయింది. ఏడో నెలకి వడ్డీ వాటా 2,600. పదిహేడో నెలలో 570 లోపే. కట్టేది అదే 12,000 అయినా, అందులో మనకి పనికొచ్చే భాగం నెలనెలా పెరుగుతోంది. ఎత్తు మీద బండి తోయడం మొదట్లోనే కష్టం. తర్వాత రోడ్డు చదునవుతుంది, ఆపైన దిగుడు. ప్రతి నెలా వడ్డీ అంకె ఒక్కటి క్యాలెండర్లో ఒకటో తారీఖు గడిలో రాసుకుంటే చాలు, పాలవాడి లెక్క పక్కనే.

ఉత్త ఉపవాసాలతో ఎవరూ ఇరవై నెలలు నడవలేరు. నెలకోసారి బిర్యానీయో, సినిమాయో లెక్కలోనే రాసుకోండి. లెక్కలో ఉన్నది దుబారా కాదు. చాటుగా చేసిందే దుబారా.

తప్పిన నెల

ఎంత పకడ్బందీగా ఉన్నా జూన్ నెల వస్తుంది. ఫీజులూ పుస్తకాలూ బూట్లూ! దసరా వస్తుంది, ఇంట్లో శుభకార్యం వస్తుంది. ఇవి అనుకోని ఖర్చులు కావు, మనం అనుకోవడం మానేసిన ఖర్చులు. జూనులో సగమే కట్టగలమని ముందే పట్టికలో రాసేసుకుంటే అది ఓటమి కాదు. రాసుకోకుండా తప్పితే మాత్రం 'ఇక మనవల్ల కాదులే' అనిపిస్తుంది. ఒక నెల తప్పితే చివరి నెల ఒకటి జరుగుతుంది, అంతే. కట్టినవి ఎక్కడికీ పోవు.

కట్టలేని నెల ఉందనుకుంటే గడువుకి ముందే వెళ్లి చెప్పండి. బంగారం గడువు దాటనివ్వకండి. వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే వేలం దాకా పోతుంది. బకాయిల కోసం ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్లు చేయకూడదని బ్యాంకులకీ ఫైనాన్స్ కంపెనీలకీ రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశాలిచ్చింది. ఎవరైనా వేళాపాళా లేకుండా బెదిరిస్తే తలదించుకోనక్కర్లేదు, ఫిర్యాదు చేయొచ్చు.

నెలాఖరు ఆశల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది 'అయిదు నిమిషాల్లో అప్పు' ఇచ్చే యాప్. 2020 చివర్లో ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలే తీసుకున్నారు. తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాలకి మార్గదర్శకాలు తెచ్చింది. అప్పిచ్చే సంస్థ ఖాతా నుంచి డబ్బు నేరుగా మన ఖాతాకే రావాలని, అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటు ముందే చెప్పాలని అందులో ఉంది. అది చెప్పని యాప్ ఎంత తియ్యగా మాట్లాడినా దణ్ణం పెట్టి తీసేయండి.

ఇంట్లో చెప్పండి

చాలా ఇళ్లల్లో అప్పు బరువు ఒక్కరి మీదే ఉంటుంది. భార్యకి తెలియని కార్డు బాకీ, భర్తకి తెలియని చేబదులు. ఆ దాపరికమే ఓపికని తినేస్తుంది. మొత్తం అంకె ఇద్దరికీ తెలిసిన రోజున మొదట ఓ పెద్ద గొడవ జరుగుతుంది. జరగనివ్వండి. రెండోరోజు నుంచి లెక్క రాసే చేతులు నాలుగవుతాయి. పిల్లలకి అంకెలు చెప్పక్కర్లేదు. 'వచ్చే ఏడాదిదాకా కొంచెం చూసి ఖర్చుపెడుతున్నాం, తర్వాత ఫర్వాలేదు' అంటే వాళ్లకి అర్థమవుతుంది. మనకన్నా బాగా అర్థమవుతుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపిస్తే, బతుకు మీదే విసుగు పుడితే, ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పు కన్నా మనిషి పెద్ద.

మా నాన్నగారు బడిపంతులు. అక్క పెళ్లికి చేసిన అప్పు ఆరేళ్లు తీర్చారు. మా వంటింటి గుమ్మం పక్కన మేకుకి ఓ ఇనప తీగ వేలాడుతూ ఉండేది. కట్టిన ప్రతి రసీదూ తెచ్చి దానికి గుచ్చేవారు. నెలాఖరున అమ్మకి బెంగ పట్టుకునేది. 'ఇంకా ఎంతుందండీ?' అని అడిగేది. నాన్న ఆ ప్రశ్నకి ఎప్పుడూ జవాబు చెప్పలేదు. తీగ వైపు చూపించి 'ఎంత కట్టామో చూడు' అనేవారు. చిన్నతనంలో నాకది మాట దాటేయడంలా అనిపించేది. నా అప్పులు నాకు వచ్చాక తెలిసింది, ఇరవై రెండో తారీఖున బతికించే లెక్క అదొక్కటేనని.

ఆఖరి వాయిదా కట్టిన సాయంత్రం నాన్న నోటు వెనక్కి తీసుకుని ఇంటికొచ్చారు. చించేయమని అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ చించలేదు. తీసుకెళ్లి ఆ తీగకే గుచ్చింది, అన్ని రసీదులకీ పైన.